అడిలైడ్ నుంచి డార్విన్ దాకా కారులో, అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

ఒంగోలుపిల్ల

అమ్మానాన్న మూడు నెలలు ఉండేలా అడిలైడ్ వచ్చారు. నాన్నకి 67, అమ్మకి 62. మాది కరవది దగ్గర పల్లెటూరు. నాన్న పుట్టినప్పటి నుంచి గిత్తల మధ్యే పెరిగారు. బండలాగుడు పందేలకు జత కట్టిన రైతు. వచ్చిన మొదటి వారంలోనే సముద్రం, చర్చిలు, షాపింగ్ మాల్ అన్నీ చూపించేశాం. ఇక రోజూ ఒకటే ప్రశ్న: "ఇంత పెద్ద దేశం, ఇన్ని పాలు, ఇంత మాంసం అంటున్నారు. మరి పశువులెక్కడమ్మా? ఒక్కటీ కనపడదే!"

జులైలో మా ఆయనకి రెండు వారాల సెలవుంది. అడిలైడ్ నుంచి స్టువర్ట్ హైవే మీద ఆలిస్ స్ప్రింగ్స్, అక్కణ్నుంచి డార్విన్. దాదాపు 3,000 కిలోమీటర్లు. కారు అక్కడ అప్పగించి విమానంలో వెనక్కి రావాలని అనుకున్నాం. ఈ మాట బయటపెట్టిన దగ్గర్నుంచి తెలిసినవాళ్లంతా భయపెడుతున్నారు. "ముసలివాళ్లని ఎడారిలో పెట్టి చంపుతావా" అని ఒకావిడ మొహం మీదే అనేసింది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

మామూలు ఎస్‌యూవీ సరిపోతుందా, ఫోర్ వీల్ డ్రైవ్ కావాలా? ఎన్ని రోజులు పెట్టుకోవాలి? అమ్మ మాంసం ముట్టదు, దారిలో ఏం తింటుంది? నాన్నకి పశువులు నిజంగా ఎక్కడ కనిపిస్తాయి? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

మెల్బోర్న్_మాధవి

వద్దమ్మా. ఆలిస్‌కి విమానంలో వెళ్లి అక్కడ కారు తీసుకోండి.

మూడేళ్ల కింద మేము పోర్ట్ అగస్టా దాటాక, పొద్దుగూకే వేళ ఇంకో అరగంటే కదా అని ముందుకు పోయాం. కంగారూ ఒక్క గెంతులో లైట్ల ముందుకొచ్చింది. బానెట్ నుజ్జయింది, రేడియేటర్ పగిలింది. మాకెవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ అద్దె కారు కాగితాల్లో చిన్న అక్షరాలతో ఒక ముక్క రాసి ఉందట: ఊళ్ల బయట సూర్యాస్తమయం తర్వాత నడిపితే బీమా వర్తించదని. మొత్తం డబ్బు మా నెత్తినే పడింది. ఆ కంపెనీ పేరు చెప్పను గానీ మీరు మాత్రం సంతకం పెట్టే ముందు ప్రతి లైనూ చదవండి.

రోడ్‌ట్రెయిన్_రాజన్న

మాధవి గారూ, మీ కష్టం నిజమే. కానీ తప్పు రోడ్డుది కాదు, వేళది. మీరే రాశారు, పొద్దుగూకే వేళ అని.

నేను ఆరేళ్లుగా ఇదే రోడ్డు మీద ట్రక్కు నడుపుతున్నా. మాది కరీంనగర్. చెల్లే, నువ్వు ధైర్యంగా వెళ్లు. స్టువర్ట్ హైవే మొత్తం తారు రోడ్డే. 1987లోనే పూర్తిగా తారు వేశారు. మామూలు కారు హాయిగా పోతుంది. జులై అంటే బంగారం లాంటి నెల. ఉత్తరాన వానల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, నువ్వు పోయేది ఎండు కాలం.

నా మాట ఒక్కటి వింటే చాలు: తెల్లారి ఎండ బాగా పైకొచ్చాక బయలుదేరు, సాయంత్రం నాలుగున్నరకల్లా గదిలో ఉండు. చీకటి పడ్డాక తారు వెచ్చగా ఉంటుందని పశువులు రోడ్డు మీదకొచ్చి పడుకుంటాయి. నల్ల ఆవు నల్ల రోడ్డు మీద పడుకుంటే నీ లైటు దాని మీద పడేసరికే ఆలస్యమైపోతుంది. నా బండికి ముందు ఇనుప కమ్మీల బుల్‌బార్ ఉంటుంది, నీ కారుకు ఉండదు.

ఇంకోటి. రోడ్డు పక్కన చచ్చిన కంగారూ మీద పెద్ద గద్దలు వాలి ఉంటాయి. కడుపు నిండా తిని ఉంటాయి కాబట్టి తొందరగా లేవలేవు. దూరం నుంచే హారన్ కొట్టి వేగం తగ్గించు. ఏ జంతువు అడ్డం వచ్చినా బ్రేక్ నేరుగా తొక్కు, స్టీరింగ్ మాత్రం తిప్పకు. బండ్లు బోల్తా కొట్టేది తిప్పడం వల్లే.

కొత్తగా_వచ్చా

రాజన్నా, రోడ్ ట్రెయిన్ అంటే నిజంగా రైలంత ఉంటుందా? సిడ్నీలో ఎప్పుడూ చూడలేదు. దాన్ని దాటడం ఎలా?

రోడ్‌ట్రెయిన్_రాజన్న

ముందు ఇంజను బండి, వెనక మూడు ట్రెయిలర్లు. మొత్తం 53.5 మీటర్లు. పశువుల బండి అయితే ఒక్కో ట్రెయిలర్‌కి రెండు అంతస్తులు, అంటే ఆరు అరలు.

దాటడానికి లెక్క చెప్తా, రాసి పెట్టుకో. నేను 100లో పోతున్నా, నువ్వు 120లో దాటుతున్నావు. తేడా గంటకు 20 కిలోమీటర్లు, అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. నా వెనక 30 మీటర్ల దగ్గర పక్కకి తీసి, నా ముందు 30 మీటర్లు వదిలి లోపలికి రావాలంటే 21 సెకన్లు పడుతుంది. ఆ 21 సెకన్లలో నువ్వు 700 మీటర్లు పోతావు. ఎదురుగా వచ్చేవాడూ అదే వేగంతో వస్తుంటే వాడూ 700 మీటర్లు వస్తాడు. కిలోమీటరున్నర ఖాళీ కనిపిస్తేనే బయటికి తియ్యాలి.

అది నార్తర్న్ టెరిటరీ లెక్క, అక్కడ హైవే మీద 130 దాకా పోవచ్చు. సౌత్ ఆస్ట్రేలియాలో 110 దాటకూడదు. అప్పుడు తేడా పదే కాబట్టి 42 సెకన్లు, రెండున్నర కిలోమీటర్ల ఖాళీ కావాలి. అందుకే చెప్పేది, తొందర పడకు. వెనకే నిదానంగా రా, దాటే లేన్ వచ్చినప్పుడు దాటు, లేదా ఆగి ఒక టీ తాగు. మేమేం అనుకోం. చేతిలో పట్టుకునే యూహెచ్ఎఫ్ రేడియో ఒకటి కొనుక్కుని చానల్ 40లో పెట్టుకో. "వెనక తెల్ల కారు, దాటొచ్చా" అని అడిగితే ముందు రోడ్డు ఖాళీయో కాదో మేమే చెప్తాం.

పశువుల బండి వెనక మరీ దగ్గరగా రాకు. ఎందుకో నీ అద్దానికే తెలుస్తుంది.

బుల్‌డస్ట్

అందరూ తారు రోడ్డు అంటున్నారు గానీ, పశువులు చూడాలంటే హైవే మీద ఏం చూస్తారు? ఊడ్నడాటా ట్రాక్ పట్టండి. మారీ నుంచి మార్లా దాకా 600 కిలోమీటర్లకు పైన మట్టి రోడ్డు. మధ్యలో విలియం క్రీక్ అని పది మంది ఉండే ఊరు. దాని చుట్టూ ఉన్నదే అనా క్రీక్ స్టేషన్, ప్రపంచంలోకెల్లా పెద్ద పశువుల స్టేషన్. ఒకప్పుడు దాదాపు 24,000 చదరపు కిలోమీటర్లు ఉండేది. ఒక భాగం విడగొట్టి అమ్మాక కూడా 15,000 పైనే. మన ఉమ్మడి ప్రకాశం జిల్లా 17,000 పైచిలుకు కదా, దాదాపు జిల్లా అంత స్టేషన్ అన్నమాట! కొత్తవాళ్ల కోసం: ఇక్కడ స్టేషన్ అంటే రైలు స్టేషన్ కాదు, పశువుల్ని మేపే భూమి.

మీ నాన్నగారు అది చూడకుండా ఇంటికెళ్తే బాధపడతారు.

ఆలిస్_నర్సు

బుల్‌డస్ట్ గారూ, మీకు ఫోర్ వీల్ డ్రైవ్ బండి, రెండు స్టెప్నీలు, పదేళ్ల అనుభవం ఉన్నాయి. ఆవిడ అద్దె ఎస్‌యూవీలో 67 ఏళ్ల నాన్నని తీసుకెళ్తానంటోంది. చాలా అద్దె కార్లను మట్టి రోడ్డు ఎక్కించడమే నిషేధం. దయచేసి ఆశ పెట్టకండి.

ఆ పక్కనే ఉన్న బర్డ్స్‌విల్ ట్రాక్ కథ చెప్తాను. 1963 డిసెంబరులో ఒక కుటుంబం, భార్యాభర్తా ముగ్గురు కొడుకులూ, మారీ నుంచి ఆ దారిలో వెళ్లారు. దారి తప్పారు, పెట్రోలు అయిపోయింది, కారు వదిలేసి నీళ్ల కోసం నడిచారు. ఐదుగురూ దాహంతో చనిపోయారు. అప్పటి నుంచి ఇక్కడ పిల్లలకి కూడా నేర్పే మొదటి పాఠం: కారు ఆగితే కారు దగ్గరే ఉండు. గాల్లోంచి కారు కనిపిస్తుంది, మనిషి కనిపించడు. కారు నీడ ఇస్తుంది. నడిచేవాడికి ఏమీ లేదు.

మీరు హైవే మీదే వెళ్తారు కాబట్టి అంత భయం అక్కర్లేదు, అరగంటకో గంటకో ఎవరో ఒకరు వస్తారు. అయినా మనిషికి రోజుకి పది లీటర్ల లెక్కన నీళ్లు పెట్టుకోండి. డిక్కీలో ఒకే పెద్ద డబ్బా కాకుండా నాలుగైదు చిన్న డబ్బాల్లో పోసుకోండి. ఒకటి కారినా మిగతావి ఉంటాయి.

మందుల సంగతి. బీపీ, షుగర్ మాత్రలు ఉండాల్సిన రోజులకంటే వారం ఎక్కువే తీసుకోండి. ఇన్సులిన్ ఉంటే చల్లపెట్టె తప్పనిసరి. పోర్ట్ అగస్టా తర్వాత పెద్ద ఆసుపత్రులంటే ఆలిస్, టెనెంట్ క్రీక్, కాథరిన్, డార్విన్. మధ్యలో ఏదైనా అయితే ఫ్లయింగ్ డాక్టర్లే, అంటే విమానంలో వచ్చే డాక్టర్లు. 1928లో క్లాంకరీలో జాన్ ఫ్లిన్ మొదలుపెట్టిన సేవ అది. హైవే మీద అక్కడక్కడ రోడ్డు వెడల్పయి, తెల్లటి అడ్డచారలు కనిపిస్తాయి. అవి ఆ విమానం దిగడానికి. వాటి మీద కారు ఆపి ఫొటోలు దిగకండి. అమ్మానాన్నలకి మెడికేర్, అంటే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఉండదు, మీరు తీసుకున్న విజిటర్ బీమాలో అంబులెన్సు ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.

ఇంకోటి, జులైలో ఆలిస్‌లో రాత్రి చలి నాలుగైదు డిగ్రీలు, కొన్ని రాత్రులు సున్నా కిందకీ పోతుంది. ఎడారి అని నూలు చీరలు మాత్రమే సర్దుకుని వచ్చి వణికిన అమ్మల్ని చాలామందిని చూశాను.

బుల్‌డస్ట్

నర్సు గారి మాటకి ఎదురు చెప్పను. అద్దె కారు అని నేను సరిగ్గా చదవలేదు. వెనక్కి తీసుకుంటున్నా.

కానీ సొంత ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లు ఈ చర్చ చదువుతుంటే: మట్టి రోడ్డెక్కే ముందు టైర్లలో గాలి తగ్గించండి, 80 దాటకండి. నా పేరున్న బుల్‌డస్ట్ అంటే పౌడర్ లాంటి మెత్తటి దుమ్ము. గోతిని అంచు దాకా నింపేసి పైకి చదునుగా కనిపిస్తుంది. దానిలో దిగాకే లోతు తెలుస్తుంది. గేటు తెరిచి ఉంటే తెరిచే వదలండి, మూసి ఉంటే మూసి వెళ్లండి. వాన పడి రోడ్డు మూశారని బోర్డు ఉంటే వెళ్లొద్దు, జరిమానా మామూలుగా ఉండదు. పైగా మీ చక్రాలు చేసిన గాడుల్ని ఆ స్టేషన్ వాళ్లు నెలల తరబడి అనుభవిస్తారు.

గోదారి_గట్టు

తిండి గురించి ఎవరూ చెప్పలేదు! అసలు ముఖ్యమైనది అదే కదా.

రోడ్‌హౌస్‌లలో, అంటే హైవే పక్కన పెట్రోలు, తిండి దొరికే మజిలీల్లో, దొరికేది బర్గర్, పై, వేయించిన బంగాళాదుంప చిప్స్, గుడ్డు, టోస్ట్. అమ్మగారికి చిప్స్, టోస్టే గతి. మేము చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్లాం. మోటెల్ గదిలో సాయంత్రం అన్నం పెట్టి, రాత్రే పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టుకున్నాం. ఆవకాయ, కందిపొడి, నెయ్యి, వేయించిన వడియాలు, పులిహోర పులుసు సీసాలో. రెండో రోజు మధ్యాహ్నం గ్లెండాంబో దాటాక చెట్టు కింద పులిహోర తింటుంటే పక్కన ఆగిన ఆస్ట్రేలియన్ పెద్దాయనకి కూడా పెట్టాం. రెండోసారి అడిగి తిన్నాడు.

పళ్లు, కూరగాయలు మాత్రం ఎక్కువ కొనకండి. రాష్ట్రాల సరిహద్దులు దాటేటప్పుడు పండు ఈగ వ్యాపించకుండా నియమాలు ఉంటాయి, పారెయ్యాల్సి వస్తుంది.

పెట్రోలు: గ్లెండాంబో నుంచి కూబర్ పీడీ దాకా 250 కిలోమీటర్లు ఒక్క బంకు లేదు. ట్యాంకు సగమైందంటే నింపుకోవడమే, ధర చూడకండి. నార్తర్న్ టెరిటరీలో కొన్నిచోట్ల ఓపల్ అని రాసి ఉంటుంది. కంగారు పడకండి, మామూలు 91 రకం పెట్రోలు లాగే పనిచేస్తుంది. పెట్రోలు వాసన పీల్చి పిల్లలు పాడైపోతున్నారని, పీలిస్తే మత్తు ఎక్కకుండా తయారుచేసిన పెట్రోలు అది. 2005 నుంచి ఉంది.

విశాఖ_వెంకట్

ధర చూడకండి అంటే ఎలా అండీ, కొన్నిచోట్ల ఊళ్లో కంటే చాలా ఎక్కువ. పోర్ట్ అగస్టా, కూబర్ పీడీ, ఆలిస్, టెనెంట్ క్రీక్, కాథరిన్ లాంటి ఊళ్లలో ఫుల్ చేసుకుంటే మధ్యలో రోడ్‌హౌస్‌ల దగ్గర కొద్దిగా పోయించుకుంటే చాలు.

గోదారి_గట్టు

@వెంకట్ ఎదురుగాలి ఉన్న రోజు ఆ లెక్క తప్పుతుంది. మాకు తప్పింది. ఎర్ర లైటు వెలిగాక 40 కిలోమీటర్లు ఏసీ ఆపేసి, అందరం నోరు మూసుకుని కూర్చున్నాం. ఆ టెన్షన్ ముందు నాలుగు డాలర్లు ఏపాటి?

పాలమూరోడు

రోడ్డు, టైర్లు, పులిహోర అన్నీ వచ్చాయి. ఆ పశువుల్ని కాసిన మనుషుల మాట కూడా రావాలి.

కాథరిన్ నుంచి పడమరగా విక్టోరియా హైవే మీద కొంత పోయి బంటైన్ హైవే పట్టుకుంటే కల్కరింజి వస్తుంది. పక్కనే వేవ్ హిల్ స్టేషన్. అప్పట్లో ఆ స్టేషన్ ఇంగ్లండ్ వెస్టీ కంపెనీది. పశువుల్ని తోలింది, కంచెలు కట్టింది గురింజి జనం, ఆ నేల అసలు హక్కుదార్లు. వాళ్లకిచ్చింది చాలావరకు పిండి, టీ ఆకు, చక్కెర, ఎముకల మాంసం. 1966 ఆగస్టులో విన్సెంట్ లింగియారి ముందు నడిచాడు. రెండు వందల మంది దాకా పనోళ్లు, ఆడోళ్లు, పిల్లలు స్టేషన్ వదిలి నడిచి వెళ్లిపోయారు. జీతం కోసమని అందరూ అనుకున్నారు. వాళ్లు అడిగింది భూమి. తొమ్మిదేళ్లు కదల్లేదు. 1975 ఆగస్టులో ప్రధాని గఫ్ విట్లామ్ వచ్చి పిడికెడు మట్టి తీసి లింగియారి చేతిలో పోశాడు.

మా తాత దొర దగ్గర వెట్టి చేసిన మనిషి. ఆ ఫొటో మొదటిసారి చూసినప్పుడు నాకు మాట రాలేదు. చెల్లే, మీరు కల్కరింజి దాకా పోలేకపోవచ్చు. కానీ ఆ హైవే మీద మీరు చూసే ప్రతి స్టేషన్ వెనకా ఇలాంటి కథ ఉంటుందని నాన్నకి చెప్పు. ఆదివాసీల భూమిలోకి వెళ్లాలంటే అనుమతి కావాలి, మనుషుల్ని అడక్కుండా ఫొటో తియ్యొద్దు.

ఒంగోలుపిల్ల

ఇంత మంది ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. వెళ్తున్నాం! పది రాత్రుల ప్లాన్ వేశాం. హైవే వదిలి పక్కకి పోం, నాలుగున్నరకల్లా గదిలో ఉంటాం. జులై సెలవులు కాబట్టి గదులన్నీ ముందే బుక్ చేశాం. మాధవి గారి మాట విని అద్దె కాగితాలు మూడుసార్లు చదివాను. మాకు కూడా అదే నియమం ఉంది, సూర్యాస్తమయం తర్వాత ఊరి బయట నడపకూడదు. విజిటర్ బీమాలో అంబులెన్సు లేదు! నర్సు గారి పుణ్యాన విడిగా తీసుకున్నాం.

పాలమూరోడు అన్నా, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. "మట్టి చేతిలో పోశాడా" అని మళ్లీ అడిగారు.

ఇప్పుడు నాన్న ప్రశ్న, యథాతథంగా: "ఎక్కడ ఏ జాతి పశువు ఉంటుంది? గడ్డి ఏది? నీళ్లు ఎక్కడివి?"

రోడ్‌ట్రెయిన్_రాజన్న

నాన్నగారు సరిగ్గా అడిగారు.

కూబర్ పీడీ దగ్గర రోడ్డుకి అడ్డంగా ఒక కంచె వస్తుంది, డాగ్ ఫెన్స్ అంటారు. డింగోలు, అంటే అడవి కుక్కలు, దక్షిణానికి రాకుండా కట్టింది. మొత్తం 5,600 కిలోమీటర్లు. ఆ కంచెకి దక్షిణం గొర్రెలు, ఉత్తరం పశువులు. గొర్రెని డింగో బతకనివ్వదు, పశువు తట్టుకుంటుంది. కాబట్టి నాన్నగారిని కంచె దాటాక నిద్రపోనివ్వకు.

ఆలిస్ చుట్టుపక్కల ఎక్కువగా ఎర్ర ఒళ్లు తెల్ల మొహం హెర్‌ఫర్డ్‌లు, నల్ల యాంగస్‌లు. టెనెంట్ క్రీక్ దాటినాక తూర్పున బార్క్‌లీ మైదానం, మిచెల్ గడ్డి నేల. అక్కణ్నుంచి మూపురం ఉన్న పశువులు మొదలవుతాయి. కాథరిన్ చేరేసరికి అన్నీ అవే. బ్రాహ్మణ్ అంటారు.

నీళ్లంటే బోరే. ఇక్కడా మాట అదే, బోర్! బోరు, ట్యాంకు, తొట్టి. పశువులు నీళ్ల చుట్టూ ఉంటాయి. తొట్టి కనిపిస్తే కారు ఆపి ఓపికగా చూడమను. కానీ కంచె దాటి లోపలికి వెళ్లొద్దు. అది ఒకరి ఇల్లు.

న్యూకాజిల్ వాటర్స్ దగ్గర హైవే నుంచి కొంచెం లోపలికి పాత ఊరు ఉంది. లారీలు రాకముందు వేల పశువుల్ని గుర్రాల మీద నెలల తరబడి తోలుకుపోయేవాళ్ల మజిలీ అది. అలా తోలేవాణ్ని డ్రోవర్ అంటారు, ఒక డ్రోవర్ విగ్రహం ఉంటుంది. తప్పకుండా ఆగండి, అక్కడ నాన్నగారి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.

గోదారి_గట్టు

ఆ బ్రాహ్మణ్ ఎక్కణ్నుంచి వచ్చిందో నాన్నగారికి చెప్పారా? అమెరికాలో మన దేశపు పశువుల నుంచి తయారు చేసిన జాతి. గిర్, గుజరాత్ కాంక్రేజ్, కృష్ణా వ్యాలీ, మన ఒంగోలు. నెల్లూరు పేరు మీద నెలోర్ అంటారు వాళ్లు. 1933లో అమెరికా నుంచి క్వీన్స్‌లాండ్‌కి తెచ్చారు. యూరప్ జాతులు పిడుదు పురుగుకీ ఎండకీ ఆగలేకపోతుంటే, వదులు చర్మం, మూపురం ఉన్న ఈ రక్తం ఉత్తరాన నిలబడింది. అంటే మీ నాన్న మూడు వేల కిలోమీటర్లు పోయి చూడబోయేది చుట్టాల్నే!

కొత్తగా_వచ్చా

ఒళ్లు గగుర్పొడిచింది. ఒంగోలు గిత్త ఆస్ట్రేలియా దాకా!

మెల్బోర్న్_మాధవి

నేను ఇంకా విమానమే మంచిదంటాను. కానీ వెళ్తున్నారు కాబట్టి రోజూ సాయంత్రం గదికి చేరగానే ఇక్కడ ఒక్క ముక్క రాయండి. ఊళ్లు, రోడ్‌హౌస్‌లు దాటితే ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. ఎవరో ఒకరికి మీ రోజువారీ ప్లాన్ తెలిసి ఉండాలి.

ఆలిస్_నర్సు

మాధవి గారు చెప్పింది బంగారం. నా దగ్గర పర్సనల్ లొకేటర్ బీకన్ ఉంది, మీరు ఆలిస్ వచ్చినప్పుడు ఇస్తాను. ప్రాణం మీదకి వస్తేనే నొక్కాలి, నొక్కితే ఉపగ్రహం ద్వారా మీరెక్కడున్నారో తెలిసిపోతుంది. డార్విన్ చేరాక పోస్టులో పంపండి.

ఒంగోలుపిల్ల

కూబర్ పీడీ. క్షేమం. భూమి లోపల తవ్విన గదిలో ఉన్నాం. అమ్మ "బొరియలో పడుకోబెట్టావు" అని నవ్వుతోంది. కంచె చూశాం.

ఒంగోలుపిల్ల

టెనెంట్ క్రీక్. క్షేమం మాధవి గారూ. ఆలిస్‌లో నర్సు గారింట్లో చారన్నం తిన్నాం. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

మెల్బోర్న్_మాధవి

హమ్మయ్య. రేపు జాగ్రత్త.

ఒంగోలుపిల్ల

డార్విన్ చేరి రెండు రోజులైంది. ఇప్పుడు స్థిమితంగా రాస్తున్నాను.

మొదటి మూడు రోజులు నాన్న పెద్దగా మాట్లాడలేదు. ఎర్రటి నేల, పొదలు, ఎవరూ లేరు. "ఇంత నేలకి ఒక్క మడక తగల్లేదు" అని మాత్రం అన్నారు. ఆలిస్ దాటాక హెర్‌ఫర్డ్‌లని చూశారు గానీ మనసు పెట్టలేదు. ఎలియట్ దాటిన తర్వాత రోడ్డుకి ఎడమ వైపు ఒక తొట్టి, దాని చుట్టూ నలభై దాకా బూడిద రంగు పశువులు. నాన్న మా ఆయన భుజం పట్టుకుని "ఆపు బాబూ, ఆపు" అన్నారు. కారు దిగి కంచె దగ్గర నిలబడ్డారు. ముప్పావు గంట కదల్లేదు. ఒక ఆబోతు తలెత్తి చూసింది. నాన్న నోటితో మా గిత్తల్ని పిలిచే శబ్దం చేశారు. అది దగ్గరికేం రాలేదు. కానీ చెవులు ఇటు తిప్పింది. ఇంటి దగ్గర రాముడు, భీముడు అని మా జత ఉండేది. భీముడు పోయి నాలుగేళ్లు. నాన్న ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

డేలీ వాటర్స్‌లో ఒక స్టేషన్ పనివాడు భోజనానికి వచ్చాడు. మీ దగ్గర ఎన్ని పశువులున్నాయని నాన్న నా చేత అడిగించారు. హెలికాప్టర్లు పెట్టి అన్నిటినీ ఒకచోటికి తోలితే గానీ లెక్క తేలదు, అప్పుడు కూడా కొన్ని దొరకవు అన్నాడు. నాన్న తెల్లబోయారు. మా కొట్టంలో ప్రతి దానికీ పేరుంటుంది కదా.

ఒకటి దాచను. కాథరిన్ దగ్గర పశువుల రోడ్ ట్రెయిన్ ఒకటి మా ముందు పోతూ కనిపించింది. మూడు ట్రెయిలర్ల నిండా అవే మూపురాలు. ఎక్కడికి అని అడిగారు. డార్విన్ రేవుకి, అక్కణ్నుంచి ఓడలో ఇండోనేషియాకి అని చెప్పాను. ఎందుకో అడగలేదు, తెలుసు. సాయంత్రం దాకా మాట్లాడలేదు. రాత్రి అన్నం తింటూ "వాళ్ల బతుకు అది, మన బతుకు ఇది" అన్నారు, అంతే.

న్యూకాజిల్ వాటర్స్‌లో ఆ డ్రోవర్ విగ్రహం దగ్గర నాన్న ఫొటో పెట్టమని రాజన్న అడిగారు. నాన్న వద్దన్నారు, క్షమించండి.

రోడ్‌ట్రెయిన్_రాజన్న

క్షమించడానికేముంది చెల్లే. ఆ లోడు నేనూ లాగుతా. నాన్నగారి మౌనం నాకు అర్థమైంది.

పాలమూరోడు

మడక తగలని నేల. ఆ మాట నాతో ఉంటుంది.

విశాఖ_వెంకట్

పెట్రోలు మొత్తం ఎంతైంది?

ఒంగోలుపిల్ల

దాదాపు 290 లీటర్లు, ఎక్కువ భాగం ఊళ్లలోనే పోయించాం. రెండు రోజులు ఎదురుగాలి గట్టిగా ఉంది. కాబట్టి మీరూ, గోదారి గారూ ఇద్దరూ చెప్పింది నిజమే.

గోదారి_గట్టు

అసలు సంగతి చెప్పలేదు. మన రక్తమేనని నాన్నగారు ఒప్పుకున్నారా?

ఒంగోలుపిల్ల

నాన్న పక్కనే కూర్చుని చెప్తున్నారు, నేను టైపు చేస్తున్నాను:

"మూపురం మనదే. గంగడోలు మనదే. నడక కూడా కొంత మనదే. చెవులు మాత్రం మనవి కావు, అంత పొడుగ్గా వేలాడితే అవి గిర్ చెవులు. కాళ్లు పొట్టి. మన గిత్త నిలబడితే ఆ ఠీవి వేరు. అయినా ఆ ఎండలో, ఆ నీళ్లతో, ఎవరూ చూసేవాళ్లు లేకుండా బతుకుతోందంటే గట్టి జాతి. చదలవాడ పశుక్షేత్రం వాళ్లకి ఈ ఫొటోలు చూపిస్తాను."